సమోసా గొడవ, మా ఇంటి నూనె లెక్క

2025 జులై 14, సోమవారం. టిఫిన్ల హడావుడి అయ్యాక కాస్త ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. పుట్టింటి గ్రూపు, అత్తింటి గ్రూపు, బడి తల్లుల గ్రూపు, మూడింట్లోనూ ఒకటే బొమ్మ. సిగరెట్ పెట్టె మీద ఉంటుందే, అలాంటి హెచ్చరిక సమోసా మీద అంటించి ఉంది. పక్కన జిలేబి. "ఇక సమోసాకీ, జిలేబీకీ సిగరెట్‌కి పెట్టినట్టే హెచ్చరిక బోర్డు" అని కింద వార్త. మా ఆడబిడ్డ వరసగా ఏడుపు బొమ్మలు పెట్టింది. మా తమ్ముడేమో "అక్కా, ఇక మీ పాతబస్తీ మూతపడ్డట్టే" అని రాశాడు.

వాడన్నదాంట్లో తప్పేమీ లేదు. మా ఇల్లు శాలిబండ దగ్గర. గల్లీ దాటి రోడ్డెక్కితే ఒక పక్క మిర్చి బజ్జీల మూకుడు, ఇంకో పక్క ఉల్లిగడ్డ సమోసాలు, నాలుగడుగులు వేస్తే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. పైగా ఆ వచ్చే ఆదివారం, జులై 20న, లాల్‌దర్వాజ బోనాలు. ఇంటినిండా చుట్టాలు, పూరీలు, గారెలు, మటన్. సరిగ్గా ఆ వారంలోనే ఈ వార్త వచ్చింది.

ముందు అసలు జరిగిందేమిటో చెప్తాను, ఎందుకంటే మా గ్రూపుల్లో చివరిదాకా ఎవరూ చదవలేదు. జూన్ 21న కేంద్ర ఆరోగ్య శాఖ కార్యదర్శి మిగతా శాఖలన్నిటికీ ఒక ఉత్తరం రాశారు. ఆఫీసుల్లో, క్యాంటీన్లలో, మీటింగు గదుల్లో నూనె, చక్కెర బోర్డులు పెట్టండి, మనం రోజూ తినే వాటిలో కనిపించకుండా ఎంత నూనె, ఎంత చక్కెర ఉంటున్నాయో జనానికి తెలియాలి అని. అంతే. బండి మీద సమోసాలు అమ్ముకునేవాడి జోలికి ఎవరూ పోలేదు. గొడవ పెద్దదయ్యాక మర్నాడే, జులై 15న, కేంద్రం వివరణ ఇచ్చింది. అమ్మేవాళ్ల తినుబండారాల మీద హెచ్చరికలు పెట్టమనలేదు, మన దేశపు వంటకాలను వేలెత్తి చూపలేదు అని. అయినా ఆగిందా? పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ మా రాష్ట్రంలో అమలు చేయం అనేశారు. పిజ్జాలు, బర్గర్లు వదిలేసి మన సమోసా మీద పడతారా అని టీవీల్లో చర్చలు మొదలయ్యాయి.

మా గల్లీలో చర్చ టీవీలో కంటే బాగా జరిగింది. సాయంత్రం కొత్తిమీర కోసం వెళ్తే బజ్జీల బండి అతను ఆపాడు. పాలమూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడే బతుకుతున్న మనిషి.

"అక్కా, నువ్వు చదువుకున్నదానివి గదా, జర చెప్పు. నా బండికి బోర్డు కొడ్తరంట నిజమేనా? ఫైన్ ఏమన్న ఏస్తరా?"

లేదన్నా, ఆఫీసుల్లో పెట్టే బోర్డులవి అని చెప్పాను. అతను ఊపిరి పీల్చుకున్నాడు కానీ, "మరి మీ ఇంటాయన రెండ్రోజుల సంది వస్తలేడు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మా ఆయన మానలేదు. వర్షానికి రాలేదంతే. కానీ అతని మొహంలో భయం మాత్రం నిజం. మనకు వాట్సాప్‌లో జోకు, అతనికి పూట గడవడం.

పక్కింటి ఖాలా గోడ మీంచి తన మాట తాను చెప్పింది. "మా ఇంట్ల షాదీ అంటే లుఖ్మీ లేకుండ దస్తర్‌ఖాన్ పరుస్తమా బేటీ? ఇగ దానికి గూడ పరేషానేనా?" దానికి మా ఆయన లోపల్నుంచే, "ఖాలా, ఫికర్ చేయకు, సమోసాకు మూడు మూలలు, లుఖ్మీకి నాలుగు. ఉత్తరంల లుఖ్మీ పేరు లేదు" అన్నాడు. అందరం నవ్వాం. ఇంట్లో నవ్వనిది మా అత్తమ్మ ఒక్కతే.

"నూనె లేని రోజులల్ల రేషన్ దుకాణం ముంగట లైన్ల నిలబడి పామాయిల్ తెచ్చుకున్న. అది ఇచ్చింది గవర్నమెంటే గదా. ఇప్పుడు తినద్దనేది గూడ గవర్నమెంటేనా?"

అత్తమ్మ మాట తేలిగ్గా తీసేయలేకపోయాను. 2013లో అమ్మ హస్తం పథకం గుర్తుందా మీకు? 185 రూపాయలకు తొమ్మిది సరుకులు. అందులో లీటరు పామాయిల్, అరకిలో చక్కెర ఉండేవి. ఆ సంచి తెచ్చుకున్న నెల మా ఇంట్లో పండగలా ఉండేది. అప్పుడు నూనె, చక్కెర ఇవ్వడం పేదవాళ్లకు చేసిన మేలు. ఇప్పుడు అవే ప్రమాదం అంటున్నారు. రెండూ నిజమే. కానీ ఈ రెండు నిజాలకూ మధ్య ఉన్న పన్నెండేళ్లలో ఏం మారిందో మా అత్తమ్మలాంటి వాళ్లకు కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు. అందుకే ఆవిడకు అది తిట్టులా వినిపించింది.

నిజం చెప్పాలంటే నాకూ అలాగే వినిపించింది. ఫిబ్రవరి 23న ప్రధాని మన్ కీ బాత్‌లో ఊబకాయం గురించి మాట్లాడారు. ప్రతి ఇంట్లో నూనె పదిశాతం తగ్గించండి అన్నారు. పదిమందిని పేరు పెట్టి పిలిచి, మీరు మరో పదేసి మందికి చెప్పండి అన్నారు. అందులో మోహన్‌లాల్, మాధవన్, శ్రేయా ఘోషల్, సుధామూర్తి గారు ఉన్నారు. ఆగస్టు 15న ఎర్రకోట మీంచి మళ్లీ అదే మాట. వినడానికి బాగానే ఉంది. కానీ నూనె గరిటె ఎవరి చేతిలో ఉంటుంది? సినిమా హీరోల చేతిలో కాదు కదా. ఈ దేశంలో ఎవరు ఏం తగ్గించాలన్నా చివరికి ఆ ఉత్తరం వచ్చి చేరేది మన వంటింటికే. తగ్గిస్తే "కూరల నూనె ఏదీ" అని పళ్లెం ముందు కూర్చున్నవాళ్ల సణుగుడు. తగ్గించకపోతే "నువ్వే కదా వండేది" అని డాక్టరు ముందు నింద.

అసలు నూనె తగ్గించడం మనకు కొత్త కాదు. 2024 సెప్టెంబరులో దిగుమతి సుంకం పెంచగానే నూనె ప్యాకెట్ ధర ఎగిరింది గుర్తుందా? ఆ దసరా, దీపావళికి నేను పొదుపు చేసినంతగా ఏ ఉపన్యాసం విని చేయలేదు. 2025 మే 30న మళ్లీ ముడి నూనెల సుంకం 20 నుంచి 10 శాతానికి తగ్గించారు. ఒక చేత్తో నూనె చవక చేసి, ఇంకో చేత్తో తినకండి అని బోర్డు రాస్తే, మామూలు ఆడదాన్ని నేను ఏ చేతిని నమ్మాలి?

ఇంత కోపం వచ్చాక, కోపం మీదే ఒక పని చేశాను. అసలు మా ఇంట్లో ఎంత నూనె పోతోందో లెక్క తీశాను. మేం నలుగురం. మా ఆయన, అత్తమ్మ, తొమ్మిదో తరగతి చదివే పాప, నేను. నెల మొదట్లో ఐదు లీటర్ల డబ్బా వస్తుంది. అది చాలక ఆఖరి వారంలో ఇంకో లీటరు ప్యాకెట్. అంటే ఆరు లీటర్లు. లీటరు నూనె తూకంలో 910 గ్రాములు వేసుకుంటే, మనిషికి రోజుకు 45 గ్రాములు.

మన తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి మీద పరిశోధనకు మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. తిండి చాలక వచ్చే జబ్బుల కోసం పుట్టిన సంస్థ, 2024 మేలో ఇచ్చిన ఆహార సూచనల్లో తిండి ఎక్కువై వచ్చే జబ్బుల గురించి కూడా పేజీలకు పేజీలు చెప్పాల్సి వచ్చింది. అందులో రెండు వేల కేలరీలు తినే మనిషికి రోజుకు నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు అని ఉంది. ఆ లెక్కన మా నలుగురికీ నెలకు మూడున్నర లీటర్లు చాలు. మాకు ఆరు పోతోంది. అది కూడా ఇంట్లోది మాత్రమే. మా ఆయన బజ్జీలు, నేను పగటిపూట తినే మిక్చర్ ఈ లెక్కలో లేవు.

కాగితం మీద ఆ అంకె చూశాక నా కోపం సగం దిగింది. ప్రభుత్వం చెప్పిన తీరు నచ్చకపోవచ్చు, లెక్క మాత్రం తప్పు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆడవాళ్లలో 30.1 శాతం మంది ఉండాల్సినదానికంటే బరువున్నారు. ఆంధ్రలో 36.3 శాతం. నేను ఆ ముప్పైలో ఒకదాన్ని. నా నడుం చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. దాటి చాలా ఏళ్లైంది.

నా ఒళ్లు ఎలా పెరిగిందో నాకు తెలుసు. పళ్లెంలో నేను పెద్దగా వడ్డించుకోను. అందరూ తిన్నాక పాప వదిలేసిన సగం పూరీ, అత్తమ్మకు ఎక్కువైన అన్నం, చుట్టాలు వెళ్లాక మిగిలిన రెండు సమోసాలు పారేయలేక నోట్లో వేసుకున్నాను. ఇరవై ఏళ్లుగా మా ఇంటి మిగులు డబ్బా నేనే. మీలో ఎంతమంది ఇది చదివి తల ఊపుతున్నారో నాకు తెలుసు.

ఇంతవరకే అయితే ఈ రాత రాసేదాన్ని కాదు. రాయిస్తున్నది పాప సంగతి.

వాళ్ల బడి సీబీఎస్ఈ. మే 14న సీబీఎస్ఈ అన్ని బడులకూ ఒక సర్క్యులర్ పంపింది, షుగర్ బోర్డులు పెట్టమని. కూల్ డ్రింకులో ఎంత చక్కెర, చాక్లెట్‌లో ఎంత, రోజుకు ఎంత దాటకూడదు, ఇవన్నీ పిల్లలకు కనిపించేలా రాయాలి. జూన్‌లో బడి తెరిచాక వాళ్ల మెట్ల దగ్గర ఆ బోర్డు వచ్చింది. పాప ఇంటికొచ్చి చెప్పింది, "అమ్మా, చిన్న కూల్ డ్రింక్ సీసాలో ఐదు స్పూన్ల పైన చక్కెర ఉంటదంట" అని. నాకు చాలా నచ్చింది. పిల్లలకు చిన్నప్పుడే తెలుస్తోంది కదా అనుకున్నాను. ఇప్పటికీ ఆ బోర్డు మంచిదనే అంటాను.

పాప కొంచెం బొద్దుగా ఉంటుంది. మా అమ్మవైపు పోలిక. మా చిన్నప్పుడైతే అలాంటి పిల్లను చూసి "ఒళ్లు చేసి ముద్దుగా ఉంది" అనేవాళ్లు. సన్నబడితే "ఏమే, చిక్కిపోయినవ్, అత్తగారు తిండి పెడ్తలేదా" అని బాధపడేవాళ్లు. బీఏలో నేను చదివిన తెలుగులో ఒళ్లు చేయడం అంటే ఆరోగ్యం, ఇల్లు చల్లగా ఉండటం. ఇప్పుడు ఆ మాటే చెంపదెబ్బలా తగులుతోంది.

బోనాలకు పాపకు లంగా ఓణీ కుట్టించాను. శనివారం తెచ్చుకోవడానికి వెళ్తే జాకెట్టు బిగుతైంది. టైలరమ్మ కుట్లు విప్పుతూ మామూలుగానే, "నెల కింద కొలతలిచ్చినప్పుడు గిట్ల లేదే, బిడ్డ ఒళ్లు చేసింది" అంది. పాప ఏం మాట్లాడలేదు. ఇంటికొచ్చి ఓణీ వేసుకోనంది. ఆదివారం పొద్దున నేను బోనం కుండకు పసుపు కుంకుమలు పెడుతుంటే, తను పాత చుడీదార్ మీద పెద్ద చున్నీ కప్పుకుని వచ్చింది. నాకు కోపమొచ్చింది. చుట్టాలందరి ముందూ అనేశాను, "బడిల షుగర్ బోర్డు చూస్తున్నవ్ గదా, అప్పుడే నోరు కట్టుకుంటే ఈ బాధ ఉంటుండెనా?" అని.

అందరూ నవ్వారు. పాప కూడా నవ్వినట్టే చేసింది. బోనం ఎత్తుకుని సింహవాహిని అమ్మవారి గుడికి లైన్లో నిలబడ్డప్పుడు కూడా నా పక్కనే ఉంది. కానీ గుడి నుంచి వచ్చాక పూరీలు ముట్టలేదు. కడుపు నొప్పి అంది. నిజమే అనుకున్నాను.

వారం పది రోజుల తర్వాత, బడి దగ్గర తల్లుల మీటింగులో పాప స్నేహితురాలి అమ్మ నా చేయి పట్టుకుంది. "మీ పులిహోర చాలా బాగుంటుందండి, మా అమ్మాయి రోజూ అదే మాట" అంది. రోజూ ఏమిటి? ఇంకాస్త అడిగితే తెలిసింది. జులై నుంచి మా పాప డబ్బా మొత్తం ఆ పిల్లే తింటోంది. పాప నీళ్లు తాగి కూర్చుంటోంది. ఎందుకట? క్లాసులో నలుగురు మగపిల్లలు దానికి కొత్త పేరు పెట్టారు. 'షుగర్ బోర్డు' అని.

ఇంటికి ఎలా వచ్చానో నాకు తెలియదు. దారంతా ఒకటే తలపు. ఆ పిల్లలు బడిలో అన్న మాటే, నేను ఇంట్లో, చుట్టాల ముందర, బోనం రోజున అన్నాను. వాళ్లు పిల్లలు. నేను తల్లిని.

ఆ రాత్రి పాప పక్కన పడుకుని అడిగాను. చాలాసేపు అటు తిరిగి పడుకుంది. చివరికి, "నువ్వు గూడ అన్నవ్ గదమ్మా" అంది. అంతకంటే ఏమీ అనలేదు. నేను తప్పైందన్నాను. మా అమ్మ నాతో ఎప్పుడూ అనని మాట అది. అనడం కష్టమే. అన్నాక మాత్రం పాప ఇటు తిరిగింది.

మర్నాడు దాన్ని బస్తీ దవాఖానకు తీసుకెళ్లాను. బరువు, ఎత్తు చూశారు. వయసుకు కొంచెమే ఎక్కువ, ఎదిగే పిల్ల, ఎత్తుతో సర్దుకుంటుంది, తిండి మాన్పించొద్దు అని చెప్పింది డాక్టరమ్మ. రక్తం తీసుకుని పరీక్షకు పంపారు. రెండు రోజులకు రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ 9.6. పన్నెండు ఉండాల్సింది. "మీరంతా లావు గురించి ఆలోచిస్తున్నరు, పిల్లకు రక్తం లేదు" అంది డాక్టరమ్మ.

నాకు మాట రాలేదు. లావుగా ఉన్న పిల్లకు పోషణ తక్కువవుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. తర్వాత చూస్తే అదే సర్వేలో ఆ సంగతీ ఉంది. మన తెలంగాణ ఆడవాళ్లలో 30.1 శాతం బరువెక్కువ, 18.8 శాతం బరువు తక్కువ, 57.6 శాతం మందికి రక్తహీనత. లావైనవాళ్లలోనూ, సన్నవాళ్లలోనూ రక్తం లేనివాళ్లు ఉన్నారన్నమాట. నూనె, చక్కెర, అన్నం కడుపు నింపుతాయి. పప్పు, ఆకుకూర, గుడ్డు, పండు పళ్లెంలోకి రావు. వచ్చినా ఆడపిల్ల వంతుకు తక్కువ వస్తాయి. ఆ సంస్థ వాళ్ల పళ్లెంలో రోజుకు పప్పులు 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ 400 గ్రాములు. మా ఇంట్లో ఆ రోజు తూచి చూస్తే కూరగాయలు మనిషికి 200 గ్రాములు కూడా లేవు.

అప్పటినుంచి ఈ బోర్డుల గురించి నా అభిప్రాయం ఒక చోట నిలబడింది. సీసాలో ఎంత చక్కెరుందో చెప్పే బోర్డు కావాలి. సమోసాలో ఎంత నూనెందో చెప్పినా నాకు కోపం లేదు. అది వస్తువు గురించిన సమాచారం, తెలుసుకోవడం నా హక్కు. కానీ ఆ బోర్డు పెట్టి చేతులు దులుపుకుంటే, జనం దాన్ని తీసుకెళ్లి మనిషి మెడలో వేస్తారు. క్లాసులో లావుగా ఉన్న పిల్ల మెడలో, ఇంట్లో వండే ఆడదాని మెడలో. బోర్డు పెట్టిన రోజే, దీన్ని పట్టుకుని ఎవరినీ వెక్కిరించకూడదు అని టీచరు రెండు ముక్కలు చెప్పి ఉంటే బాగుండేది. నేను వెళ్లి అడిగాక, వాళ్ల క్లాస్ టీచరు అదే చెప్పింది. మంచి మనిషి, పాపం తనకూ అంతవరకు తట్టలేదట.

ఇంకో మాట. ప్రపంచంలో వేరేచోట్ల ఏం చేశారో చదివాను. బ్రిటన్‌లో 2018 ఏప్రిల్ నుంచి కూల్ డ్రింకులో చక్కెర ఎంత ఎక్కువుంటే కంపెనీ అంత ఎక్కువ పన్ను కట్టాలి. ఆ పన్ను వస్తోందని తెలిసి చాలా కంపెనీలు ముందే చక్కెర తగ్గించుకున్నాయి. తాగేవాళ్లకు ఉపన్యాసం అక్కర్లేకుండానే చక్కెర తగ్గింది. చిలీలో 2016 నుంచి ప్యాకెట్ ముందు భాగాన నల్లటి ఎనిమిది మూలల గుర్తు వేస్తారు, చక్కెర ఎక్కువ, ఉప్పు ఎక్కువ అని. చదువు రాని తల్లి కూడా గుర్తుపడుతుంది. మన దగ్గర ప్యాకెట్ ముందు హెచ్చరికల విషయం సుప్రీంకోర్టు దాకా పోయింది, 2025 ఏప్రిల్‌లో కోర్టు గడువు పెట్టి తేల్చమంది. ఇంతలో సెప్టెంబరు 22న కొత్త జీఎస్టీ వచ్చింది. కూల్ డ్రింకుల మీద 40 శాతం అని గొప్పగా చెప్పారు కానీ, పాత పన్ను, సెస్సు కలిపితే అప్పుడూ 40 శాతమే. బిస్కెట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీములు 18 నుంచి 5 శాతానికి, ప్యాకెట్ మిక్చర్లు 12 నుంచి 5 శాతానికి దిగాయి. గృహిణిగా బిల్లు చూసి సంతోషపడ్డాను. తల్లిగా ఆ బిల్లులో ఉన్నవేమిటో చూసి భయపడ్డాను. సమోసా కోసం అంత గొంతు చించుకున్నవాళ్లలో ఒక్కరూ ఈ ప్యాకెట్ల గురించి నోరెత్తలేదు. బజ్జీల బండి అతని మూకుడు మన కళ్లెదురుగా ఉంటుంది, ఎంత నూనె పీల్చిందో కనిపిస్తుంది. ప్యాకెట్‌లో ఉన్నది కనిపించదు.

నడవమని కూడా చెప్తారు. ఎక్కడ నడవాలి? మా గల్లీలో రెండు బళ్లు ఎదురైతే మనిషి గోడకు అంటుకోవాలి. తెల్లవారుజామున వెళ్దామంటే కుక్కలు, సాయంత్రం వెళ్దామంటే చూపులు. నేనూ ఖాలా ఒక ఉపాయం చేశాం. మా డాబా, వాళ్ల డాబా పక్కపక్కనే. మగ్రిబ్ నమాజు అయ్యాక తను అటు, నేను ఇటు, పిట్టగోడ వెంబడి మాట్లాడుకుంటూ నడుస్తాం. నలభై నిమిషాలు ఎలా పోతాయో తెలియదు. ప్రభుత్వం నిజంగా మా లావు తగ్గించాలనుకుంటే, ఆడవాళ్లు భయం లేకుండా నడవడానికి బస్తీకి ఒక చోటు చూపిస్తే చాలు, ఉత్తరం అక్కర్లేదు.

ఇంట్లో చేసినవి చిన్న చిన్న పనులు. ఐదు లీటర్ల డబ్బా మానేసి లీటరు ప్యాకెట్లు తెస్తున్నాను. ప్యాకెట్ విప్పిన రోజు క్యాలెండర్ మీద గుర్తు పెడతాను. నూనె సీసా వంచి పోయకుండా స్పూనుతో కొలుస్తాను. మొదటి నెల పదిశాతం తగ్గడమే కష్టమైంది, మా ఆయన వంకాయ కూర చూసి "ఇది ఉడకపెట్టినవా?" అన్నాడు. ఒక ఆదివారం ఆయన్నే వండమన్నాను, అదే స్పూను చేతికిచ్చి. అప్పటినుంచి ఆ మాట అనలేదు. అక్టోబరుకు నాలుగున్నర లీటర్లకు వచ్చాం. మూడున్నరకు ఎప్పుడొస్తామో చూడాలి. మిగిలిన డబ్బు పల్లీలకు, గుడ్లకు, తోటకూరకు పోతోంది. మా అత్తమ్మ పచ్చిపులుసు మళ్లీ ఇంటికి తెచ్చింది, దాంట్లో నూనె దాదాపు అక్కర్లేదు కదా. "మేం చిన్నప్పుడు ఇదే తింటుంటిమి, ఎవలు బోర్డు పెట్టలే" అని ఇప్పటికీ అంటుంది. అననివ్వండి.

మిగులు తినడం మాత్రం నేను మానేశాను. మిగిలితే ఫ్రిజ్‌లోకి, లేకపోతే గల్లీ మేకకు. నా బరువు రెండు కిలోలు తగ్గింది. అంతకంటే తగ్గలేదు, అబద్ధం చెప్పను.

పాప ఐరన్ మాత్రలు వేసుకుంటోంది. మొన్న మళ్లీ పరీక్ష చేస్తే 10.8. డబ్బా ఖాళీగా వస్తోంది. ఎవరు తిన్నారని నేను అడగడం లేదు, దాని మొహం చూస్తే తెలుస్తోంది. మా ఇంట్లో ఒక్క నియమం పెట్టుకున్నాం. తిండి గురించి ఎంతైనా మాట్లాడుకోవచ్చు, ఒంటి గురించి ఎవరూ మాట్లాడకూడదు. వచ్చిన చుట్టాలు అంటే మాట మార్చే పని నాది.

దీపావళికి ఆ లంగా ఓణీ తీసి, "వేసుకోవా?" అని అడుగుదామనుకుని ఆగిపోయాను. బీరువాలో పైనే పెట్టాను, కుట్లు విప్పి వదులు చేసిన జాకెట్టుతో సహా. పండగ సాయంత్రం దీపాలు పెట్టడానికి గుమ్మంలోకి వచ్చేసరికి పాప అది కట్టుకుని నిలబడి ఉంది. నేనేమీ అనలేదు. ప్రమిదల్లో నూనె పోయమని సీసా దాని చేతికిచ్చాను. "ఇది గూడ లెక్కల రాస్తవా అమ్మా?" అంది.

ప్రమిదల నూనె లెక్కలో రాయలేదు.